ఆ 60 ఎక్కడిది?

ప్రశ్న:

మేడమ్ గారూ, నమస్కారం. నేను కణ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. చేరిన దగ్గర్నుంచీ చాట్‌బాట్ తెరవని రోజు లేదు. పేపర్ల సారాంశాలు, ఆర్ అనే కంప్యూటర్ భాషలో కోడ్, స్టాటిస్టిక్స్, మెథడ్స్ డ్రాఫ్టు, చివరికి గైడ్‌కి పంపే మెయిల్ కూడా దానితోనే. పని చకచకా అవుతోందని గైడ్ మెచ్చుకునేవారు. పోయిన నెల కమిటీ మీటింగ్‌లో నా గ్రాఫ్ చూసి ఒక సభ్యురాలు "ఈ ఎన్ = 60 ఎక్కడిది?" అని అడిగారు. ఒక్కో గ్రూపులో 3 ఎలుకలు, ఒక్కో ఎలుక నుంచి 20 కణాలు కొలిచానన్నాను. "మరి 60 ఎలా అయింది?" అన్నారు. నోట మాట రాలేదు. రెండు గ్రూపుల సగటులను పోల్చే టీ టెస్ట్ చెయ్యమన్నది చాట్‌బాట్, కోడ్ రాసిందీ అదే. పీ విలువ బాగా చిన్నదిగా వచ్చింది కదా అని స్లైడ్‌లో పెట్టేశాను. ఆ రోజు నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. ఒక సీనియర్ పూర్తిగా మానెయ్యమంటాడు. ఇంకొకరు వాడనివాళ్లే వెనకబడతారంటారు. నేను మానెయ్యాలా? ఇదంతా గైడ్‌కి చెప్పాలా? అసలు నాకు సైన్స్ వస్తోందా? ఇంకా ఎన్ని ఎలుకలు కావాలి? నన్ను మీ విద్యార్థిని అనుకుని 'నువ్వు' అనే రాయండి.

జవాబు:

అమ్మా, నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. నేను ఐదోదాని దగ్గర మొదలుపెడతాను, ఆ కమిటీ సభ్యురాలు నిన్ను అడిగినదాని దగ్గర. ఆ 60 సంగతి తేలితే మిగతావి సగం తేలిపోతాయి.

ఒకే ఎలుక నుంచి తీసిన 20 కణాలు ఒకదానికొకటి పరాయివి కావు. వాటి జన్యువులు ఒకటే, ఆ ఎలుక తిన్న తిండి ఒకటే, నువ్వు దాన్ని కోసిన రోజు ఒకటే, చాలాసార్లు రంగు వేసిన స్లైడ్ కూడా ఒకటే. ఒకే ఇంట్లో 20 మందిని అడిగి 20 ఇళ్ల మాట తెలిసిందనుకోవడం ఎలాంటిదో, ఆ కణాలను 20గా లెక్కపెట్టడమూ అలాంటిదే. నువ్వు రెండు గ్రూపులుగా విడదీసింది ఎలుకలను, కణాలను కాదు. కాబట్టి నీ ఎన్, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని నమూనాల సంఖ్య, ఒక్కో గ్రూపుకి 3.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా బాగా మనసుకెక్కుతుంది. ఒక ఎలుకలోని కణాలు ఒకదానితో ఒకటి ఎంత పోలి ఉంటాయో చెప్పే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ 0.5 అనుకుందాం. ఇది ఉదాహరణకే, నీ డేటాలో ఎంతో నువ్వు కట్టుకోవాలి. ఎలుకకి 20 కణాలు కాబట్టి 1 + 19 × 0.5 = 10.5. ఆ పోలిక వల్ల నీ లెక్క ఎన్ని రెట్లు ఉబ్బిందో చెప్పే అంకె ఇది. నీ 60ని 10.5తో భాగించు, 5.7 వస్తుంది. అంటే మైక్రోస్కోప్ ముందు గంటల తరబడి కూర్చుని కొలిచిన ఆ 60 కణాలూ కలిసి చెప్పేది, ఆరు వేర్వేరు ఎలుకల నుంచి ఒక్కో కణం తీసి కొలిస్తే తెలిసేదానికన్నా కాస్త తక్కువే. ఎలుకకి 200 కణాలు కొలిచినా ఆ అంకె ఆరు దాటదు. టీ టెస్ట్ మాత్రం 60 కణాలూ వేటికవే అని నమ్మింది. నీ పీ విలువ, అంటే అసలు తేడా లేకున్నా ఇంత తేడా కనబడే అవకాశం, అంత చిన్నగా రావడానికి అదే కారణం.

ఈ పొరపాటు చాట్‌బాట్లతో పుట్టింది కాదు. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1984లోనే దీనికి 'సూడోరెప్లికేషన్' అని పేరు పెట్టాడు. తన రంగంలో 1960 నుంచి అచ్చైన 176 ప్రయోగాల పేపర్లు తిరగేస్తే 27 శాతంలో ఇది కనిపించింది. స్టాటిస్టికల్ పరీక్షలు వాడిన పేపర్లు మాత్రమే తీసుకుంటే 48 శాతం. వాళ్లంతా చదువుకున్నవాళ్లే, వాళ్ల పేపర్లు రివ్యూ దాటి వచ్చినవే. కాబట్టి ఈ తప్పు చేసినందుకు నువ్వు సైన్స్‌కి పనికిరావని నిద్ర మానుకోకు. ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది.

చాట్‌బాట్‌కి నువ్వు ఏమిచ్చావో గుర్తు తెచ్చుకో. బహుశా రెండు నిలువు వరుసలు, ఒక్కోదానిలో 60 అంకెలు. ఆ పట్టికలో ఎలుక లేదు. లేనిదాన్ని అది చూడలేదు, అందుకే టీ టెస్ట్ అంది. "3 ఎలుకలు, ఎలుకకి 20 కణాలు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఎలుకల వారీగా సగటు తీసుకోమనో ఏ కణం ఏ ఎలుకదో లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడమనో చెప్పడం దానికి చేతకానిదేమీ కాదు. అయితే ఆ ముక్క రాయాలని నీకు తట్టాలి కదా! ఎలుక సంగతి ముఖ్యమని తెలిసినవాళ్లకే అది తడుతుంది. అక్కడే ఉంది తిరకాసు. సరైన ప్రశ్న అడగడానికి కావాల్సిన తెలివిడి, ఆ పనిని ఒకసారి చేత్తో చేస్తేనే వస్తుంది. చేత్తో చేసి ఉంటే ఎక్కడ ఆగేదానివి? నోట్‌బుక్‌లో పట్టిక గీసేటప్పుడు, 'ఎలుక నంబరు' అన్న గడి దగ్గర. ఇది వెయ్యాలా వద్దా, వేస్తే దీన్ని ఏం చెయ్యాలి అని ఒక్క నిమిషం పెన్ను ఆగేది. ఆ నిమిషమే నీ చదువు. చాట్‌బాట్ నీకు మిగిల్చిన సమయంలో అది కూడా ఉంది.

ఇది నాకు బాగా అర్థమయింది నా ల్యాబ్‌లోనే. ఒక విద్యార్థినికి పీసీఆర్, అంటే డీఎన్‌ఏ ముక్కకి బోలెడు నకళ్లు తీసే పద్ధతి, రెండు వారాలపాటు పని చెయ్యలేదు. ప్రైమర్లు మార్చింది, ఉష్ణోగ్రతలు మార్చింది, ఎంజైమ్ కొత్తది తెప్పించింది. జెల్‌లో బ్యాండ్ లేదు, అంటే నకళ్లు తయారు కాలేదు. చివరికి ఇద్దరం కూర్చుని ట్యూబులన్నీ ఒక్కొక్కటే తీసి చూశాం. మెగ్నీషియం క్లోరైడ్ స్టాక్ తనే చేసుకుంది. ఒక మోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లకి ఎంత తూచాలని చాట్‌బాట్‌ని అడిగితే 9.52 గ్రాములంది. లెక్క తప్పేమీ కాదు, నీరు లేని మెగ్నీషియం క్లోరైడ్‌కి అణుభారం 95.2. షెల్ఫ్ మీదున్న సీసా మాత్రం హెక్సాహైడ్రేట్‌ది, అంటే ఆరు నీటి అణువులు కలిసినది, 203.3. దానికైతే 20.33 గ్రాములు తూచాలి. అంటే తన స్టాక్ సగం కన్నా పలచన. రియాక్షన్‌లో 1.5 మిల్లీమోలార్ ఉందనుకున్న చోట ఉన్నది 0.7. బఫర్‌లో విడిగా మెగ్నీషియం లేదు. రియాక్షన్‌లో వేసిన డీఎన్‌టీపీలు, అంటే డీఎన్‌ఏ కట్టడానికి వాడే ముక్కలు, మొత్తం 0.8 మిల్లీమోలార్, అవే మెగ్నీషియాన్ని పట్టేసుకుంటాయి. మెగ్నీషియం లేనిదే పని చెయ్యని ఎంజైమ్‌కి ఇక మిగిలిందేముంది?

ఆ అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. లెక్క రాకపోవడం కాదు తన బాధ, అది ఇంటర్‌లో నేర్చుకున్న లెక్క. తనే కట్టి ఉంటే అణుభారం కోసం సీసా చేతిలోకి తీసుకునేది. లేబుల్ మీద చూపు పడేది. 'హెక్సాహైడ్రేట్' అన్న మాట కంటికి తగిలేది. జవాబు తెరమీద నుంచి వచ్చేసరికి సీసా వైపు చూడాల్సిన పనే లేకపోయింది. నీ ఎలుకా, తన లేబులూ ఒకే చోట పోయాయి.

అందుకని మానెయ్యాలా అన్న నీ మొదటి ప్రశ్నకి నా జవాబు, అక్కర్లేదు. వరస మార్చాలి. ముందు నీ చెయ్యి పడాలి, తర్వాత దానిది. ఇన్నాళ్లూ ముందు అది, తర్వాత నువ్వు అన్నట్టు సాగింది.

ఇది నా చాదస్తమనుకోకు, దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల మీద గణితంలో ఒక ప్రయోగం జరిగింది. హమ్సా బస్తానీ, ఆమె సహచరులు చేశారు, 2025లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. ఒక గుంపుకి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. ఇంకో గుంపుకి ఉపాధ్యాయులు తీర్చిదిద్దింది ఇచ్చారు, అది జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇస్తుంది. అభ్యాసం చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ ఉన్న పిల్లలు అది లేనివాళ్లకన్నా 48 శాతం బాగా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఎప్పుడూ వాడనివాళ్లకన్నా 17 శాతం వెనకబడ్డారు. సూచనలిచ్చే చాట్‌బాట్ వాడినవాళ్లకి ఆ నష్టం చాలావరకు రాలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో సంగతి. మామూలు చాట్‌బాట్ వాడిన పిల్లలకి తాము తక్కువ నేర్చుకున్నామన్న ఊహే లేదు.

రెండో వైపు కూడా చూడు. హార్వర్డ్‌లో 2023లో 194 మంది భౌతికశాస్త్ర విద్యార్థుల మీద గ్రెగ్ కెస్టిన్ బృందం చేసిన ప్రయోగంలో, ఏఐ ట్యూటర్‌తో ఇంట్లో చదివినవాళ్లు తక్కువ సమయంలోనే, తరగతిలో మంచి పద్ధతిలో నేర్చుకున్నవాళ్లకన్నా ఎక్కువ నేర్చుకున్నారు. అది కూడా ఊరికే తెరిచి ఇచ్చిన చాట్‌బాట్ కాదు. ఒక్కో ప్రశ్నకీ మెట్టు మెట్టుగా సమాధానం అధ్యాపకులే ముందుగా రాసి దానికి ఇచ్చారు. ఒకేసారి జవాబు మొత్తం చెప్పెయ్యొద్దని కట్టడి చేశారు. వీళ్లెవరూ పీహెచ్‌డీ విద్యార్థులు కారు, పరిశోధనలో జవాబు ముందే రాసిపెట్టిన ప్రశ్నలుండవు. అందుకే ఆ అంకెలు నీకు అచ్చంగా వర్తిస్తాయని అనను. అయినా ఒకటి కనిపిస్తోంది. యంత్రం ఒకటే అయినా, దాన్ని ఏ పనికి కూర్చోబెట్టామన్నదాన్ని బట్టి ఫలితం తలకిందులైంది. పాఠశాల పిల్లలకి ఆ కట్టడి వేరేవాళ్లు చేసిపెట్టారు. నీకు నువ్వే చేసుకోవాలి.

ఏ పనులు దానికి నిశ్చింతగా ఇవ్వొచ్చు? గ్రాఫ్‌లో అక్షం మీది అక్షరాలు పెద్దవి చెయ్యడం, కోడ్‌లో వచ్చిన ఎర్రర్‌కి అర్థం, ఫైళ్ల పేర్లు వరసగా మార్చడం, రిఫరెన్సులను పత్రిక అడిగిన పద్ధతిలోకి తేవడం, గైడ్‌కి మెయిల్. అవి నిన్ను శాస్త్రవేత్తను చెయ్యవు, తప్పు వస్తే వెంటనే కనబడుతుంది. వాటి మీద రోజులు పోగొట్టుకోవద్దు. కమిటీ ముందు నిలబడి 'ఎందుకు' అంటే జవాబు చెప్పాల్సిన ప్రతి పనికీ మాత్రం తొలి ప్రయత్నం నీదే కావాలి. ఏ ప్రశ్న వేసుకోవాలి, పోలికకి ఏ కంట్రోల్ పెట్టాలి, ఏ పరీక్ష వాడాలి, ఫలితం అనుకున్నట్టు రాకపోతే దానికి అర్థం ఏమిటి, ఇవన్నీ ఆ కోవలోవే. తప్పైనా సరే, సగమే వచ్చినా సరే, అరపేజీ రాసి, తేదీ వేసి, అప్పుడు దాన్ని తెరువు.

పేపర్లు చదవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే నువ్వు సారాంశాలతో సరిపెడుతున్నానని రాశావు. అన్నిటికన్నా నాకు భయం అక్కడే. సారాంశంలో రచయితలు ఏమన్నారో ఉంటుంది. పేపర్ చదవడమంటే వాళ్లు అన్నది వాళ్ల బొమ్మలో ఉందా లేదా చూడడం. మూడో ఫిగర్‌లో కంట్రోల్ బ్లాట్ వేరే జెల్ మీద నడిచిందని బొమ్మ కింది లెజెండ్‌లో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఎర్రర్ బార్లు ఎస్‌డీనా (విలువలు ఎంత చెదిరాయో), ఎస్‌ఈఎమ్మా (సగటు ఎంత కచ్చితమో) అన్నదీ అక్కడే ఉంటుంది. ఎన్ అంటే ఎలుకలో కణాలో కూడా అక్కడే! ఎదుటివాళ్ల పేపర్లలో పదిసార్లు ఆ మాట వెతికినవాళ్లకి తమ గ్రాఫ్ కింద అది రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే ఆగుతుంది. నువ్వు ఆ పదిసార్లూ సారాంశం చదివావు.

నీ థీసిస్‌కి ప్రాణమైన పేపర్లు ఓ పాతిక ముప్ఫై ఉంటాయి. వాటిని మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా, బొమ్మలతో సహా, నువ్వే చదువు. ముందు ఫిగర్లు చూసి, రచయితల మాట చదవకుండా, నీకేం తోచిందో రాసుకో. అప్పుడు డిస్కషన్ చదువు. ఆ తర్వాత కావాలంటే చాట్‌బాట్‌ని అడుగు, "నేను ఇలా అర్థం చేసుకున్నాను, ఎక్కడ తప్పాను?" అని. మిగతా వందల పేపర్లలో ఏది తెరవాలో ఎంచుకోవడానికి సారాంశం వాడుకో, తప్పు లేదు.

పీడీఎఫ్ తెరవని పేపర్‌ని రిఫరెన్సుల్లో పెట్టకు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మెటా సంస్థ 2022 నవంబరులో శాస్త్ర సాహిత్యం మీద శిక్షణ ఇచ్చిన గెలాక్టికా అనే మోడల్‌ని జనం ముందు పెట్టి, మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. లేని పేపర్లను ఉన్నట్టు, తప్పును శాస్త్రంలా వినబడేట్టు రాస్తోందని పరిశోధకులు గగ్గోలు పెట్టారు. ఆ తర్వాత మోడళ్లు చాలా మెరుగయ్యాయి, ఇంటర్నెట్‌లో వెతికి లింకు కూడా ఇస్తున్నాయి. లింకు నిజమైనా, ఆ పేపర్‌లో ఆ మాట ఉందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు పేపర్‌లోనే ఉంటుంది.

చదవకుండా చేతులు మారిన మాట ఎంత దూరం పోతుందో చూడు. 'వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ' అని ఒక పదబంధం కొన్ని పేపర్లలో కనిపిస్తుంది. అలాంటి మైక్రోస్కోపీ ఈ భూమ్మీద లేదు. 1950ల నాటి పేపర్లను స్కాన్ చేసినప్పుడు పక్కపక్కనున్న రెండు కాలమ్‌ల మాటలు కలిసిపోయి ఒకసారి అలా పుట్టింది. పారశీక భాషలో 'స్కానింగ్'కీ 'వెజిటేటివ్'కీ ఒక్క చుక్కే తేడా, ఆ అనువాదాల్లోంచి మళ్లీ వచ్చింది. అది పేపర్లలో పడింది, ఆ పేపర్లు మోడళ్ల శిక్షణలో పడ్డాయి, ఇప్పుడు కొన్ని మోడళ్లు దాన్ని సొంతంగా రాస్తున్నాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర ఒక్క పూట కూర్చున్న మనిషి ఎవరైనా ఆ మాట దగ్గర ఆగిపోతాడు. దాన్ని అచ్చుకి పంపినవాళ్లు ఆగలేదు.

ఇక చాట్‌బాట్‌ని నేను ఇష్టపడి వాడే పని ఒకటుంది, నా విద్యార్థులకీ అదే అలవాటు చేస్తున్నాను. దాన్ని జవాబులిచ్చేదిగా కాక ప్రశ్నలడిగేదిగా కూర్చోబెట్టు. కమిటీ మీటింగ్‌కి ముందు వారం నీ ప్రయోగం ప్లాన్ నువ్వే రాసి దానికిచ్చి ఇలా అడుగు: "నువ్వు స్టాటిస్టిక్స్ బాగా తెలిసిన పరీక్షకురాలివి. ఈ ప్లాన్ మీద ఒక్కొక్క ప్రశ్నే అడుగు. నేను జవాబు చెప్పేదాకా ఆగు. జవాబు నువ్వు చెప్పొద్దు. నా జవాబు చాలకపోతే అదే చోట ఇంకా లోతుగా అడుగు." నీ ఎలుకల ప్రయోగం నేను ఇలాగే రాసి పెట్టి చూశాను. రెండో ప్రశ్నకే "ఒక్కో గ్రూపులో స్వతంత్ర నమూనాలు ఎన్ని, వాటిని ఏ ప్రాతిపదిక మీద స్వతంత్రం అంటున్నారు?" అని అడిగింది. నిన్ను కమిటీలో నిలబెట్టిన ప్రశ్న అదే. నీ గదిలో, ఎవరూ చూడకుండా, వారం ముందే ఎదురయ్యేది.

అందులో ఒక జాగ్రత్త ఉంది. ఇవి మన మాటకి తలూపుతాయి. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ మోడల్‌కి చేసిన ఒక మార్పును, అది వాడేవాళ్లను మరీ పొగుడుతోందని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకని "నా విశ్లేషణ సరిగ్గా ఉంది కదా?" అని ఎప్పుడూ అడగకు. "ఇది నాకు రివ్యూకి వచ్చిన వేరొకరి పని, ఇందులో మూడు పెద్ద లోపాలు చూపించు" అను. అది చూపించిన మూడూ నిజం కాకపోవచ్చు, మూడు అడిగావని మూడోది కల్పించొచ్చు. ఏది నిజం, ఏది పస లేనిది అని తేల్చడం నీ పని. ఆ తేల్చడంలో నీకు వచ్చేది బోలెడు.

రాత గురించి రెండు మాటలు. ఇంగ్లీషు సరిదిద్దుకోవడానికి వాడుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ భాషలో పుట్టనివాళ్లకి ఇన్నేళ్లూ ఉన్న అన్యాయం దీంతో కొంత తగ్గింది, అందుకు నేను సంతోషిస్తాను. 'ఏఐ రాసిందా' అని పట్టుకునే డిటెక్టర్ల మాట మాత్రం వేదవాక్కనుకోకు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరాయి భాషగా ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకి ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలు యంత్రం రాసినవని తేల్చాయి. అన్నీ మనుషులు రాసినవే. అదే ఏడు జులైలో ఓపెన్‌ఏఐ తన డిటెక్టర్‌ని సరిగా పనిచెయ్యడం లేదని తనే తీసేసింది. నీ మీద ఎప్పుడైనా అనుమానం వస్తే నిన్ను కాపాడేది నీ డ్రాఫ్టుల వరస: తేదీలతో, కొట్టివేతలతో. అందుకే మొదటి డ్రాఫ్టు నీ వంకర వాక్యాల్లోనే రాయి, దాన్ని పారెయ్యకు. డిస్కషన్ మాత్రం దాని చేత మొదలుపెట్టించకు. ఆలోచన పూర్తి కాలేదని మనకి తెలిసేది వాక్యం పూర్తి కానప్పుడే. దాని వాక్యం ఎప్పుడూ పూర్తవుతుంది.

నియమాల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇవి ఎవరికి వాళ్లు చూసుకోవాల్సినవి. 2023 జనవరిలోనే నేచర్, సైన్స్ పత్రికలు రెండూ చాట్‌బాట్‌ని రచయితగా ఒప్పుకోమన్నాయి. సైన్స్ మొదట దాని రాతనే వద్దంది, ఆ ఏడు నవంబరులో, ఎక్కడ ఎలా వాడారో చెప్తే సరేనంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ అదే ఏడు మే నెలలో ఇలాంటి మాటే చెప్పింది. గైడ్ ఎప్పుడైనా రివ్యూకి వచ్చిన పేపర్‌నో గ్రాంటునో నీ చేతికిచ్చి చూడమంటే, దాన్ని చాట్‌బాట్‌లో పెట్టకు. అది నీది కాదు, నమ్మి అప్పగించింది. గ్రాంటు దరఖాస్తుల మదింపులో వీటిని వాడొద్దని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2023 జూన్‌లో తేల్చి చెప్పాయి. మీ ల్యాబ్‌లో ఇంకా అచ్చవని డేటాకీ అదే జాగ్రత్త. చాలా ఉచిత చాట్‌బాట్లు మనం సెట్టింగ్ మార్చకపోతే మన మాటలను శిక్షణకి వాడుకోగలవు.

గైడ్‌కి చెప్పాలా? చెప్పాలి, ఈ వారంలోనే చెప్పాలి. నువ్వు చెప్పలేదు కాబట్టి నీ వేగం చూసి మెచ్చుకున్నారాయన. నీకు స్టాటిస్టిక్స్ వచ్చనుకుని ఆ దిశలో నీకు సాయం చెయ్యడం లేదు. దీనికి పెద్ద ఉపోద్ఘాతం వద్దు. "సార్, ఆ విశ్లేషణ నేను ఆలోచించి చేసింది కాదు, చాట్‌బాట్ ఇచ్చింది యథాతథంగా పెట్టాను. ఎలుకల వారీగా మళ్లీ చేశాను, ఇదిగో. తేడా ఇప్పుడు ఇలా ఉంది. ఇదే పద్ధతిలో చేసిన పాత గ్రాఫులు ఇంకో రెండున్నాయి, అవి కూడా సరిచూస్తున్నాను." ఇంతే. పాత గ్రాఫుల మాట వదిలెయ్యకు, ఎన్ని ఉంటే అన్నీ చెప్పు. ఆయన కాసేపు మండిపడొచ్చు. నా దగ్గరకి ఇలా వచ్చి చెప్పిన విద్యార్థుల డేటాని ఆ తర్వాత నేను ఎక్కువ నమ్మాను, తక్కువ కాదు. ఆ కమిటీ సభ్యురాలికి కూడా సరిచేసిన గ్రాఫ్ పంపు. ఆమె నిన్ను ఓడించడానికి అడగలేదు. అంతమందిలో నీ గ్రాఫ్‌ని నిజంగా చూసింది ఆమే.

మీ సీనియర్లలో ఒకరు మానెయ్యమన్నారు, ఒకరు వాడకపోతే వెనకబడతావన్నారు. రెండో మాటలో కొంత నిజం ఉంది. కోడ్ రాయడంలో, భాషలో ఇది ఇచ్చే ఊతం కాదనుకుంటే నష్టపోయేది నువ్వే. కానీ పీహెచ్‌డీలో ఎవరు ముందున్నారన్నది రెండో ఏడాదిలో స్లైడ్ల సంఖ్యతో తెలియదు. ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు ఎటు అడుగెయ్యాలో తోచడం కోసమే ఈ అయిదేళ్లు పెడుతున్నావు. నీకు సైన్స్ వస్తోందా అని అడిగావు కదా. "మరి 60 ఎలా అయింది?" అన్నప్పుడు ఏదో ఒకటి చెప్పి దాటెయ్యకుండా ఆగిపోయావు, నెల రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నావు. రానివాళ్లకి అలా నిద్ర పోదు తల్లీ.

చివరిది, ఎన్ని ఎలుకలు. ముందు కంప్యూటర్‌లో కిటికీలన్నీ మూసేసి ఒక కాగితం తీసుకో. ఆరు ఎలుకల బొమ్మలు గీసి, ఒక్కోదాని కింద దాని 20 కణాల సగటు రాయి. ఆరు అంకెలొస్తాయి, నీ డేటా అదే. ఒక్కో గ్రూపులో ఆ సగటులు ఎంత చెదిరి ఉన్నాయో, అంటే ఎస్‌డీ ఎంతో, చేత్తో కట్టు. మూడేసి ఎలుకల నుంచి వచ్చిన ఎస్‌డీ కాబట్టి దాన్ని మరీ నమ్మకు, కాస్త పెద్దదిగానే ఊహించుకో. నువ్వు వెతికే తేడా ఆ ఎస్‌డీకి రెండింతలుంటే, 80 శాతం పవర్‌కి (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం), పీ విలువకి 0.05 హద్దుకి, గ్రూపుకి సుమారు 6 ఎలుకలు చాలు. తేడా ఎస్‌డీతో సమానమైతే 17 దాకా కావాలి. సగమే అయితే అరవై దాటుతుంది. ఈసారి ఆ అరవై నిజంగా ఎలుకలే.

ఈ మూడింట్లో నీది ఏదన్నది నీ డేటాలో వచ్చిన తేడాను చూసి నిర్ణయించకు. ఎంత తేడా ఉంటే ఆ కణానికి, ఆ జీవికి అది లెక్కలోకి వస్తుందో ముందు తేల్చుకోవాలి. అది నేను చెప్పలేను, చాట్‌బాట్ చెప్పినా ఒప్పుకోకు. ఆ కాగితం పట్టుకుని గైడ్ దగ్గరకి వెళ్లి, ఇద్దరూ కూర్చుని ఆ అంకె పెట్టండి. పెట్టాక, ఎందుకు అదే పెట్టారో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో. ఎలుకల కోసం అనుమతి దరఖాస్తు రాసేటప్పుడు నిన్ను మొదట అడిగేది ఆ వాక్యమే.